వానమ్మకు బొట్టయిన ఆరుద్ర పురుగు

ఒకప్పుడు ఆరుద్ర పురుగుకి ఈ ఎరుపు లేదు, ఈ మఖమల్ ఒళ్ళూ లేదు. మట్టిరంగులో, మట్టిలోనే, ఎవరి కంటికీ ఆనకుండా తిరిగేది.

ఆ రోజుల్లో భూదేవి కడుపున విత్తనాలు పడ్డాయి. సీమంతం పెట్టుకుంది. దేవతలందరిలోకీ ముఖ్యమైన చుట్టం వానమ్మ. కొండ మీద మబ్బుల ఇంట్లో ఉంటుంది. ఆవిడొచ్చి అక్షింతలు వేస్తేనే విత్తనాలు మొలకెత్తుతాయి. రాకపోతే కడుపులోనే మాడిపోతాయి.

"వాయుదేవుడన్నయ్యా, నేను కదలలేను. ఈ కుంకుమ భరిణె పట్టుకెళ్ళి వానమ్మక్కని బొట్టుపెట్టి పిలిచిరా" అంది భూదేవి.

చూశారా పిల్లలూ, బొట్టు పిలుపు ఆడవాళ్ళ పని. మగవాడికి చెప్పింది. అందులోనూ గాలికి!

ఆయనసలే హడావిడి మనిషి. దారిలోనే భరిణె మూత ఎగిరిపోయింది. కుంకుమంతా ఆకాశం పాలైంది. ఖాళీ భరిణెతో వానమ్మ గుమ్మంలో నిలబడి, "భూదేవి రమ్మంది" అని నోటిమాటగా చెప్పి వెనక్కి తిరిగాడు.

వానమ్మ మొహం ముడుచుకుంది. "వీధిలో పోయేవాళ్ళని కేకేసినట్టు పిలుస్తుందా నన్ను? బొట్టుపెట్టి పిలిస్తేనే గడప దాటుతాను" అని తలుపేసుకుంది.

నన్నడిగితే వానమ్మ తప్పేం లేదు. పిలుపంటే పిలుపులా ఉండాలి. మా పెదనాన్న కూతురి పెళ్ళికి నోటిమాట పంపారు. నేనిప్పటికీ ఆ గడప తొక్కలేదు.

ఇక ఎండ మండింది. భూదేవి ఒళ్ళంతా బీటలు. "అమ్మా, దాహం" అని విత్తనాలు లోపల ఏడుస్తున్నాయి.

అప్పుడు గద్ద ముందుకొచ్చింది. "నాకంటే పైకి ఎగిరేదెవరు?" అని గోళ్ళకి కుంకుమ అద్దుకుని వెళ్ళింది. వెళ్ళి, వానమ్మ నుదుటి మీదికి కాలెత్తింది!

"ఏమే, నా మొహాన కాలు పెడతావా?" అని వానమ్మ ఉరిమిన ఉరుముకి గద్ద తోకలో రెండు ఈకలు ఊడిపోయాయి.

అందరూ తలలు దించుకున్నారు. అప్పుడు మట్టిలోంచి ఒక సన్న గొంతు, "నేను వెళ్తానమ్మా" అంది. ఆరుద్ర పురుగు.

గద్ద పకపకా నవ్వింది. "ఏమే ఆవగింజా! నువ్వు కొండెక్కేసరికి నీ మనవరాలికి పెళ్ళవుతుంది."

"ఆ పెళ్ళికి నిన్నూ పిలుస్తాలే. ఈకలు మొలిపించుకుని రా" అంది ఆరుద్ర.

అది తేనెటీగల దగ్గర మైనం అడిగి ఒళ్ళంతా రాసుకుంది. దాని మీద కుంకుమలో దొర్లింది. మన పెద్దవాళ్ళు నుదుట మైనం రాసి కుంకుమ దిద్దుకునేది అందుకే మరి, గాలికి రాలదు. వాయుదేవుడు దారిలో ఎంత ఊదినా ఒక్క రేణువు ఊడలేదు.

మూడు రోజులు ఎక్కి, తలుపు సందులోంచి దూరి, వానమ్మ ముందు నిలబడింది.

"పెద్దమ్మా, సీమంతానికి పిలవడానికొచ్చాను."

"బొట్టేదీ? పెట్టడానికి నీకు చేతులేవీ?"

"లేవు పెద్దమ్మా. నాకున్న ఎనిమిదీ కాళ్ళే. కాళ్ళతో బొట్టు పెట్టకూడదు కదా! అందుకని నేనే బొట్టునై వచ్చాను. నుదురు కాస్త వంచు."

అని కాళ్ళన్నీ ముడుచుకుని గుండ్రంగా కూర్చుంది.

వానమ్మ ఎవరికీ వంచని నుదురు వంచి నేలకి ఆనించింది. ఆరుద్ర రెండు కనుబొమ్మల మధ్యా అతుక్కుంది.

"ఇదీ మర్యాదంటే! ఇలా పిలిస్తే రానని ఎవరంటారు?" అని లేచింది వానమ్మ. "కానీ పిల్లా, నా జోరుకి మైనం కూడా ఆగదు. నీ కుంకుమ కరిగిపోతుంది."

"పోతే పోనీ. విత్తనాలు బతికితే చాలు."

"నన్ను పిలిచిన బొట్టు నా నీళ్ళకే కరిగితే నాకు పరువా?" అని వానమ్మ తన ఎర్ర మఖమల్ రవిక అంచు చింపి దాని ఒంటికి చుట్టింది.

ఉరుముల మేళం మోగింది. మెరుపులు దివిటీలు పట్టాయి. గద్ద తడిసి ముద్దై చెట్టు తొర్రలో దాక్కుంది. వానమ్మ నుదుట కూర్చుని ఆరుద్ర ఊరేగుతూ దిగింది. భూదేవి ఒళ్ళంతా పచ్చగా విత్తనాలు లేచి నిలబడ్డాయి.

అప్పటినుంచే తొలకరి పడగానే ఆరుద్ర పురుగు ఎర్ర మఖమల్ కట్టుకుని పొలంగట్ల మీద దర్జాగా నడుస్తుంది. ఎంత తడిసినా ఆ రంగు దిగదు. వేలితో తాకితే మాత్రం, కాళ్ళన్నీ ముడుచుకుని బొట్టులా కూర్చుంటుంది.