పట్టుపంచె అంచు

సోమయాజులు గారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాం" అని ఊరుకుంటారు. ఆ సంగతి తెలిసే, ఆయన ప్రవచనాలకని భిలాయి వచ్చి తమ క్వార్టర్‌కు భోజనానికి దయచేసిన రోజున, శిష్యురాలు హైమవతి గుమ్మంలోనే అడిగేసింది.

"గురువుగారూ, అయినవాళ్లందరికీ ఇంత దూరాన పిల్లాణ్ణి పెంచుతున్నాను. రెప్ప వేస్తే వాడికేమవుతుందోనని భయం. ఈ భయం పోయే దారి చెప్పండి."

"వాడు తుమ్మినా నా ఆఫీసుకు ఫోను వస్తుందండీ," అన్నాడు భర్త ప్రభాకరం.

"మీరు ఊరుకోండి!"

"చూద్దాం," అన్నారు గురువుగారు.

పిల్లాడి బుగ్గన దిష్టిచుక్క ఉంది, మొలకు నల్లతాడు ఉంది. గురువుగారి మీద గౌరవంతో హైమవతి పొట్టి బల్ల మీద కొత్త పట్టుపంచె పరిచి, జరీ అంచు అందంగా కిందికి వేలాడేలా సర్దింది. దాని మీద పొగలు కక్కే చారు గిన్నె పెట్టింది. ఆయన ఎదురుగా పీట మీద కూర్చున్నారు. నేతిగిన్నె కోసం ఆమె ఇలా తిరిగిందో లేదో, పాకుతూ వచ్చిన పిల్లాడు మెరిసే అంచును రెండు చేతులా పట్టి లాగాడు.

గిన్నె జరిగింది. గురువుగారు అరచేత్తో పంచెను బల్లకు అదిమిపట్టారు. తొణికిన చారు ఆయన ముంజేతి మీద పడింది. పిల్లాడి మీద చుక్క పడలేదు.

ప్రభాకరం గబుక్కున పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. గురువుగారు లేచి వెళ్లి కుళాయి ధార కింద చాలాసేపు చెయ్యి పెట్టుకుని వచ్చారు. రాగానే హైమవతి ఆయన పాదాల దగ్గర సాగిలపడింది.

"నా బిడ్డను కాపాడారు స్వామీ... మీరే లేకపోతే..."

"అప్పుడే లేవకమ్మా," అన్నారాయన. "అక్కడి నుంచి ఏం కనిపిస్తోంది?"

నేలకు ఆనించిన తలను ఆమె కొంచెం పక్కకు తిప్పింది. రోజూ తాను ఊడ్చే గదే. మంచం కింద కూల్‌డ్రింక్ సీసా. అందులో తానే పోసి ఉంచిన ఫినాయిలు. గోడవారన చేతికందేలా వేలాడుతున్న ఇస్త్రీపెట్టె వైరు.

లేచి, అన్నీ పై అరలోకి చేర్చింది. పంచె మడిచి పక్కన పెట్టింది. తండ్రి భుజం మీద నవ్వుతున్న పిల్లాణ్ణి ఒకసారి తడిమి చూసుకుని, కళ్లు తుడుచుకుంటూ వచ్చి మళ్లీ వంగబోయింది.

"నాకు పెట్టిన దణ్ణం చాలు తల్లీ," అని నవ్వారు గురువుగారు. "రోజూ పొద్దున్నే ఇంటికి పెట్టు. గది గదికీ."