కొంచెమే అన్న బాలింత

మన్యం అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో కాన్పుల వార్డుకు పెద్ద నర్సు ఎస్తేరమ్మ. ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న దమయంతి ఒక ఉదయం కేసు షీటు పట్టుకుని వచ్చింది.

“సిస్టర్, కొంచెం అనడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు? స్లైట్, స్కాంటీ, మీగర్, మినిమల్. నిఘంటువు తెరిస్తే ఒకదాని అర్థంగా ఇంకొకటి ఇచ్చారు. ఏది రాస్తే ఏమిటి?”

“నువ్వేది రాశావు?”

“మూడో మంచం బాలింతకు రక్తస్రావం స్కాంటీ అని రాశాను. స్లైట్ కంటే అది బాగా చదువుకున్న మాటలా ఉంది.”

“ఎంత పోతోందో నీకెవరు చెప్పారు?”

“ఆమే చెప్పింది, సిస్టర్.”

ఎస్తేరమ్మ ఆమెను వెంటబెట్టుకుని మూడో మంచం వైపు నడిచింది. ఆ మంచం మీది పైడితల్లి తెల్లవారుజామున తొలికాన్పులో ఆడపిల్లను కన్నది. పక్కనే ఆమె అత్త పసిగుడ్డును ఒడిలో వేసుకుని కూర్చుని ఉంది.

“అన్నం తిన్నావా, పైడితల్లీ?”

“కొంచెం తిన్నానమ్మా.” ఎస్తేరమ్మ పళ్లెం మీది మూత తీస్తే, ఒక్క మెతుకూ ముట్టినట్టు లేదు.

“నొప్పి ఉందా?”

“కొంచెం.” అంటూనే ఆమె మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.

“రక్తం?”

“కొంచెమేనమ్మా.”

అత్త నవ్వింది. “మేం కళ్లంలో కని, పొద్దుగూకీసరికి గంజి కాసినోళ్లం. ఈ కాలం ఆడగుంటలకి అన్నీ సోద్యమే, సిస్టరమ్మా!”

ఎస్తేరమ్మ కూడా నవ్వుతూనే వంగి మంచం కిందికి చేయి పోనిచ్చింది. బట్టల మూట వెనుక నుంచి మడతలు పెట్టిన గుడ్డలు బయటికి వచ్చాయి. నాలుగు. నాలుగూ నిలువునా తడిసి ఉన్నాయి. తన మైలగుడ్డలను పరాయి మనిషి చేత తీయించడం ఇష్టం లేక, లేచి తిరగగలిగాక తానే ఉతుక్కుందామని పైడితల్లి వాటిని దాచుకుంది.

దమయంతి చేతిలోని కేసు షీటు వైపు చూసుకుంది. అప్పటికే ఎస్తేరమ్మ, గర్భసంచి బిగిసి రక్తం ఆగేలా, బాలింత పొత్తికడుపు మీద చేయి వేసి గట్టిగా రుద్దుతోంది. “డాక్టరమ్మను పిలు. ఇంజెక్షన్ ట్రే తే. పరుగెత్తు!”

ఆ తరువాతి గంట ఎవరూ కూర్చోలేదు. పైడితల్లి పెదవులు తెల్లబడ్డాయి. నాడి వేళ్లకు సరిగా అందడం మానింది. అత్త గోడకు ఆనుకుని, పసిదాన్ని గుండెకు అదుముకుని, “నాకైనా సెప్పనేదేటే తల్లీ!” అని పదే పదే అడిగింది. కోడలు కళ్లు తెరవలేదు.

మధ్యాహ్నానికి గాని గండం గడవలేదు. పైడితల్లి కళ్లు విప్పి మంచినీళ్లు అడిగింది. ఈసారి దమయంతి ఆమెను ఏమీ ప్రశ్నించలేదు. తెర అడ్డం లాగి, తానే గుడ్డ మార్చి, దాన్ని కిటికీ వెలుగులో పరచి చూసింది. ఒక అంచున చిన్న మరక. ఉదయం రాసిన మాటను కొట్టివేసి, కలం పట్టుకుని పెద్ద నర్సు ముందు నిలబడింది.

“సిస్టర్, ఇప్పుడు స్లైట్ అనాలా, స్కాంటీ అనాలా?”

ఎస్తేరమ్మ చేతులు కడుక్కుంటోంది. “ఆ తేడా నీకు ఇంకో నిఘంటువైనా చెబుతుంది,” అన్నది. “బాలింతలు కొంచెం అన్నప్పుడు అందులో మొహమాటం ఎంతో మాత్రం నువ్వే కొలుచుకోవాలి.”