గుడ్డు సంగతి దాచిన గోరింక

వీరాస్వామి గారి పశువుల కొట్టంలో ఒక ముసలి ఎద్దు, ఒక కుక్క, కోళ్ల మంద, చూరులో ఒక గోరింక ఉండేవి. అందరిలోకీ గోరింకకే పని తక్కువ. మధ్యాహ్నం కాగానే ఇంటి కిటికీ ఊచ మీద వాలి, లోపల టీవీలో వచ్చే సీరియల్ చూసేది. అత్తలు, కోడళ్లు, తలుపు చాటున నిలబడి వినేవాళ్లు. చూసి చూసి ఒకనాటికి అదీ ఒక కథ అల్లింది.

ఒక కోళ్ల కుటుంబం. కొత్త కోడలు మొదటి గుడ్డు పెట్టి, జ్వరమొచ్చి పడుకుంది. లేచేసరికి గుడ్డు లేదు. అందరి అనుమానం అత్త మీదే. అంతే కథ. సాయంత్రాలు గడ్డివాము పక్కన గోరింక కాస్త కాస్త చెప్పేది. చీకటి పడితే కోడికి చూపు ఆనదు కాబట్టి, వెలుగుండగానే ఆపేది. కోళ్లు ఆ కథంటే చెవి కోసుకునేవి. గూటికి పోతూ దారి పొడుగునా అత్తను తిట్టుకునేవి.

గడ్డివాము వెనక ఇంకొకరు కూడా వినేవారు. జొన్నచేలో ఉండే నక్క. కుక్క భైరిగాడు ఆ వేళకు ఇంటి ముందు అన్నం కోసం కూర్చుంటాడని దానికి తెలుసు.

ఒకరోజు కోళ్లు వెళ్లాక నక్క బయటికొచ్చింది.

"మరదలా, నీ గొంతులో ఏదో ఉంది. టీవీ వాళ్లు నీ దగ్గర నేర్చుకోవాలి."

"ఏదో, నాకు తోచింది చెబుతున్నాను బావా," అంది గోరింక, రెక్కలు సర్దుకుంటూ.

"ఇంతకీ గుడ్డు ఏమైంది?"

"రేపో ఎల్లుండో చెప్పేస్తాగా. కథ అయిపోవచ్చింది."

"అయిపోవడమేమిటి? అయిపోతే రేపటి నుంచి నీ ముఖం చూసేదెవరు? రెండో భాగం మొదలుపెట్టు. రోజూ ఇంకాస్త పొద్దుపోయేదాకా చెప్పు."

గోరింకను మునగచెట్టు ఎక్కించడానికి నక్కకు అంతకంటే ఎక్కువ మాటలు అవసరం కాలేదు.

మర్నాడు గోరింక గుడ్డు సంగతి చెప్పబోయి, సరిగ్గా అక్కడ ఆపింది. "అత్త గూట్లోకి తొంగిచూసిన కోడలికి ఏం కనపడిందంటే..." అని గొంతు సవరించుకుని, మేనత్త కూతురి పెళ్లి గొడవ ఎత్తుకుంది. గుడ్డు కోసం కోళ్లు కదలకుండా కూర్చున్నాయి. పొద్దు గుంకింది. గూటికి తడుముకుంటూ పోయిన కోళ్లలో ఒకటి తగ్గింది. అది మందలోని చుక్కల పెట్టకు చెల్లెలు. పిల్లి పని అనుకున్నారు. చుక్కల పెట్ట ఆ రాత్రంతా గూటి తలుపు వైపే తిరిగి కూర్చుంది.

రెండో భాగం సాగింది. సాగడం తప్ప దానికి వేరే పని లేదు. చనిపోయిన మామగారు తిరిగొచ్చాడు. వచ్చినవాడు మామగారు కాదు, ఆయన కవల తమ్ముడు. కోడలు, తల మీద చిక్కుడు పందిరి పడి గతం మర్చిపోయింది. దాంతో గుడ్డు సంగతీ మర్చిపోయింది, గోరింకకు అదొక సౌకర్యం. ఆ పైన ఎక్కడి నుంచో ఒక పెద్దమనిషి నక్క ఊడిపడి ఆ ఇంటి తగవులన్నీ తీర్చడం మొదలుపెట్టింది. మహా నిజాయితీ గలదట. చీకట్లో విందులు కూడా ఇస్తుందట.

కోళ్లు ఆవలించాయి. మొదట రెండు, తర్వాత నాలుగు, పొద్దుండగానే లేచి గూటికి పోసాగాయి. ఎవరూ గోరింకను ఏమీ అనలేదు, లేచి వెళ్లిపోయేవి, అంతే. గడ్డివాము వెనక నక్క కడుపు మాడింది. మాడినకొద్దీ గోరింకకు కొత్త మలుపులు చెప్పేది. మలుపులు పెరిగినకొద్దీ కోళ్లు తగ్గేవి. ఇంత తెలివైన నక్కకు ఈ లెక్క ఎందుకు తట్టలేదో తెలీదు.

చివరికి వినడానికి చుక్కల పెట్ట ఒక్కతే మిగిలింది. ఒకరోజు అది కథ మధ్యలో లేచి ఎద్దు దగ్గరికి పోయింది.

"తాతా, కోళ్ల కథలో నక్క మంచిదెలా అయింది?"

ఎద్దు నెమరు ఆపింది. "కథ సంగతి నాకు తెలీదమ్మా. గడ్డి సంగతి తెలుసు. వాము వెనక గడ్డి రోజూ నలుగుతోంది. ఎవరో కూర్చుంటున్నారు."

చుక్కల పెట్ట నేరుగా చూరు కిందికి వచ్చింది.

"గోరింకమ్మా, ఈ మలుపులు ఎవరిస్తున్నారు నీకు?"

గోరింక అటూ ఇటూ చూసింది. "బావ... నక్క బావ. పాపం, కథంటే ప్రాణం. రోజూ గుడ్డు ఏమైందని అడుగుతాడు. చెప్పలేదు, దాచాను."

"నా చెల్లెలు ఏమైందో అడిగావా ఆ బావని?"

ఆ పిల్లి ఎవరో గోరింకకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చూరు లోపలికి జరిగింది.

"ఇవతలికి రా," అంది చుక్కల పెట్ట. "రేపు కథ ముగించు. అందరినీ నేను పిలుస్తాను. కవలలు, పందిళ్లు ఏమీ వద్దు. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించు. మా ముందు వరసకు మాత్రమే వినపడాలి."

చుక్కల పెట్ట చెప్పగా ఎద్దు కుక్కను పిలిచింది. "ఒరే భైరిగా, రేపు అన్నం కాస్త ఆలస్యంగా తిను. గడ్డివాము పక్కనున్న బండి కింద పడుకుని కథ విను."

"నాకు కథలు అర్థం కావు తాతా."

"అర్థం కానక్కర్లేదు. గాలి పీలుస్తూ ఉండు, చాలు."

మర్నాడు ముగింపు అనగానే కోళ్లన్నీ వచ్చాయి. గోరింక చాలా రోజులకు సూటిగా చెప్పింది. కోడలు అత్త గూటి ముందు నిలబడింది. "అత్తమ్మా, నా గుడ్డు ఏది?" అని అడిగింది. అక్కడ గోరింక గొంతు తగ్గించింది.

వాము వెనక నక్క చెవులు రిక్కించింది. వినపడలేదు. ఒక అడుగు ముందుకేసింది. ఇన్ని సాయంత్రాలు ఆకలితో కూర్చుని, ఇన్ని మలుపులు తానే అల్లి ఇచ్చినా, ఆ ఒక్క ముక్కా దానికి తెలీదు. ఇంకో అడుగు వేసింది. ఎదురుగా బలిసిన కోళ్లు, వాటి వైపు చూడనైనా లేదు. గోరింక ముక్కు వైపే చూస్తూ బండి దాకా వచ్చేసింది.

భైరిగాడు మెడ పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆగరా," అంది నక్క. "గుడ్డు ఎక్కడుందో విననీ."

"నాకు కథలు అర్థం కావు బావా," అన్నాడు భైరిగాడు, పళ్ల మధ్య నుంచి.

నక్క పని అక్కడితో సరి. గోరింక మిగిలింది చెప్పింది. అత్త లేచి పక్కకు జరిగింది. గుడ్డు ఆమె కిందే ఉంది. కోడలు జ్వరంతో పడి ఉన్నన్ని రోజులూ గుడ్డు చల్లారిపోకుండా, అందరి తిట్లూ తింటూ, అత్తే పొదిగింది. గుడ్డు లోపలి నుంచి టక్కుమంది.

కోళ్లు కళ్లు తుడుచుకున్నాయి. చుక్కల పెట్ట తుడుచుకోలేదు.

"బాగుంది," అంది. "ఇది నీకు మొదటి నుంచీ తెలుసు కదా?"

"తెలుసు."

"చెప్పాల్సిన రోజే చెప్పి ఉంటే నా చెల్లెలూ వినేది."

ఇంకా వెలుగుంది. కోళ్లు వరసగా గూటికి వెళ్లిపోయాయి.

నీతి: ముగింపు చేతిలో ఉండి కూడా కథను సాగదీసేవాడు, ఎవరి ఆకలి కోసం సాగదీస్తున్నాడో ముందు చూసుకోవాలి.