గుమ్మలపాడు సంతలో బోర్లగంపమ్మ వెలసిన కథ

గుమ్మలపాడు గురువారం సంతలో అమ్మకానికి నూట నలభై రెండు చోట్లు ఉన్నాయి. నూట నలభై మూడో చోటు అమ్మది. బస్సు దిగి, మిరపకాయల వరుస దాటి, నైరుతి మూలకు రెండు వందల ఇరవై అడుగులు వేస్తే చిన్న గుడి కనిపిస్తుంది. లోపల ముఖం, చేతులు ఉన్న విగ్రహం లేదు. బోర్లించిన గంప ఆకారంలో, రెండున్నర అడుగుల ఎత్తున ఒక నల్లరాయి ఉంది. దాని మీది అల్లిక గీతలు వేలికి తగులుతాయి. ఆమే బోర్లగంపమ్మ. తొలిసారి పంట అమ్ముకోవడానికి వచ్చే రైతులు ముందుగా దర్శించుకునేది ఈమెనే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఈ మూల కూర్చున్నవారికి బోణీ కాదని, లేచి వెళ్లాక మూడు రోజులు జ్వరం కాస్తుందని చెప్పుకునేవారు. పాతవారు తమ చోట్లు వదిలేవారు కారు గనుక, కొత్తగా వచ్చినవారికి ఇదొక్కటే దొరికేది. ఒకే ఏడాది ఏడుగురు ఇక్కడ గంప దించారు. ఆ ఏడుగురిలో ఒక్కరూ మళ్లీ సంతకు రాలేదు.

ఆ రోజుల్లో కొండదిగువ పేటలో ఎర్రయ్యమ్మ అనే ఆమె ఉండేది. భర్త పోయాక, అతని వాటా మడిలో తనే వంగ నాటింది. బావగారు ముత్యాలనాయుడికి అది నచ్చలేదు. "సంతలో గంప ఖాళీ చేసుకుని రా, మడి నీదే. కాయలు మిగిలాయా, వచ్చే దుక్కి నేనే దున్ని చోళ్లు చల్లుకుంటాను" అన్నాడు.

ఎర్రయ్యమ్మ అంతవరకు ఎవరికీ ఏమీ అమ్మి ఎరుగదు. పన్నెండు వీసెల వంకాయలు కోసింది. అంటే నేటి లెక్కలో సుమారు పదిహేడు కిలోలు. వాటిలో నాలుగు వీసెలు పుచ్చులు. అవి తీసేస్తే గంప మూడింట ఒక వంతు తగ్గుతుంది. పంట ఇంతేనా అని బావ నవ్వుతాడని భయపడింది. పుచ్చులను అడుగున వేసి, నిగనిగలాడే కాయలను పైన పేర్చి, సంతకు వచ్చి ఈ మూలనే కూర్చుంది.

మిట్టమధ్యాహ్నమైనా ఎవరూ ఆమె దగ్గర ఆగలేదు. అప్పుడు ఒక ముసలామె వచ్చి ఎదురుగా నిలబడింది.

"అడుగువి పెట్టమ్మా" అంది.

"పైవి లేతగున్నాయి మామ్మా."

"పైవి ఊరోళ్లకి. నాకు అడుగువి చాలు."

ఎర్రయ్యమ్మ రెండు చేతులతో గంపను కరిచిపట్టుకుంది. పక్కన ఉల్లిపాయలు అమ్మే అప్పన్న అది చూసి నవ్వాడు. "ఏటప్పా, గంపనలా వాటేసుకున్నావు. అమ్మడానికొచ్చావా, పొదగడానికొచ్చావా?"

"ఈ మామ్మ అడుగువి అడుగుతోంది."

"ఏ మామ్మ?" అన్నాడు అప్పన్న. అటూ ఇటూ చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

ఎర్రయ్యమ్మ కిందికి చూసింది. రాత్రి వానకు నేలంతా బురద. అందులో తన అడుగుజాడలు ఉన్నాయి. ముసలామెవి ఒక్కటీ లేవు.

ఆమె ఒళ్లంతా చల్లబడింది. పారిపోదామంటే నిండు గంపతో ఇంటికి చేరాలి, మడి పోతుంది. ఉందామంటే ముసలామె కళ్లు గంప అడుగునే చూస్తున్నాయి. ఎర్రయ్యమ్మ కొంగు పరిచి, కళ్లు మూసుకుని, గంపను దాని మీద బోర్లించింది. పుచ్చులన్నీ పైకొచ్చాయి.

"పన్నెండు వీసెల్లో నాలుగు పుచ్చులు" అంది. "అవి పశువులకి పట్టుకెళ్లండి. ఎనిమిది కూరకి."

సంతలో అంతవరకు ఎవరూ అలా చెప్పగా వినలేదు. ఒకరు ఆగారు, వెనకే నలుగురు వచ్చారు. పొద్దు వాలేలోగా కొంగు మీద ఒక్క కాయే మిగిలింది, అదీ పుచ్చుది. ముసలామె దాన్ని తీసుకుంది. మరుక్షణం అక్కడ ఎవరూ లేరు. ఎర్రయ్యమ్మ పక్కన బోర్లా ఉన్న గంపను ఎత్తబోయింది. అది కదలలేదు. రాయి అయింది.

గంప లేకుండా ఇంటికి వచ్చి, అది రాయి అయిందని చెబితే బావ నమ్మలేదు. మరుసటి గురువారం తనే వచ్చి, ఆ రాయిని పెకలిద్దామని రెండు చేతులూ వేశాడు. రాయి వెచ్చగా ఉంది. లోపల ఎవరో మెల్లగా ఊపిరి తీసినట్టయింది. ముత్యాలనాయుడు చేతులు వెనక్కి తీసుకుని, పక్కనున్న ఎర్రయ్యమ్మతో "మడి నీదేనమ్మా" అన్నాడు. మళ్లీ ఈ మూలకు రాలేదు.

ఇప్పుడు గంపల స్థానంలో ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. ఆచారం మాత్రం మారలేదు. కొత్తగా అమ్మేవారు అమ్మ ముందు గుడ్డ పరిచి, తెచ్చిందంతా బోర్లించి, చెడ్డవి ఎన్ని ఉన్నాయో గట్టిగా చెప్పాలి. ఒక పుచ్చును అమ్మ ముందు ఉంచి, మొదటి బోణీ ఇక్కడే చేసుకోవాలి. అలా చేసినవారికి పంట అమ్ముడుపోక మిగలదని, భూమి చేజారదని భక్తుల నమ్మకం.

బోర్లించేటప్పుడు చేతులు వణికితే సిగ్గుపడనక్కరలేదు. అది అమ్మ చూస్తున్నదనడానికి గుర్తు. చేతులు వణకనివారు కూడా అప్పుడప్పుడు వస్తారు. వారిని మాత్రం పెద్దలు ఆ రోజుకు వెనక్కి పంపి, వచ్చే గురువారం రమ్మంటారు.