దాటేసిన నలభై మూడు అధ్యాయాలు

సముద్రానికి దగ్గరలో ఉన్న చింతలరేవు అనే ఊళ్లో ఆషేరు అనే యువకుడు ఉండేవాడు. తెలివైనవాడే, కానీ పని పూర్తికాకముందే మెప్పు చేతికందాలని తహతహలాడేవాడు.

ఆ ఊళ్లో ఇరవై యూదు కుటుంబాలు ఉండేవి. అందరూ తెలుగే మాట్లాడేవారు. పొలం పనులు, చిన్నచిన్న ఉద్యోగాలు చేసుకునేవారు. శనివారం పనులన్నీ మాని, పెంకులు కప్పిన సమాజమందిరంలో ప్రార్థనకు కూడేవారు. హీబ్రూ గ్రంథం చూసి చదివి, వెంటనే తెలుగులో అర్థం చెప్పగలిగినవాడు వాళ్లలో ఆషేరు ఒక్కడే.

అక్కడే ఎల్కానా అనే ముసలాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నిటా బావులు తవ్వాడు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. ఒక శనివారం ప్రార్థన అయ్యాక ఆయన అందరి ముందూ ఆషేరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, నేను పోయేలోగా ప్రవక్తల మాటలన్నీ ఒక్కసారి వినాలనుందిరా. మొదటి నుంచి చివరి దాకా. చదివి పెడతావా?"

అందరూ తనవైపే చూస్తున్నారు. ఆషేరు ఛాతీ ఉప్పొంగింది. "ఒక్క మాట వదలకుండా చదువుతాను తాతా" అన్నాడు.

మర్నాటి నుంచే మొదలుపెట్టారు. ఆషేరు పురుగుమందుల దుకాణంలో పనిచేసేవాడు. సాయంత్రం దుకాణం మూసి ఎల్కానా ఇంటి అరుగు మీదికి వచ్చేవాడు. రోజుకు ఒక అధ్యాయం చదివేవాడు. ఎల్కానా కూతురు తిర్సా ఇద్దరికీ టీ ఇచ్చి, చేటలో బియ్యం పోసుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. తొమ్మిది నెలలు అలా నమ్మకంగా సాగింది.

అప్పుడు సమాజ పెద్ద ఒబద్యా ఒక కబురు తెచ్చాడు.

"ముంబై నుంచి మనవాళ్లు నలుగురు పెద్దలు వస్తున్నారు. ఇంకా నాలుగు నెలలుంది. ప్రవక్తల చదువు అప్పటికి పూర్తయితే ముగింపు వేడుక వాళ్ల ముందే చేద్దాం. అవుతుందా ఆషేరూ?"

నూట యాభై అధ్యాయాలు మిగిలున్నాయి. శనివారాలు తీసేస్తే ఉన్నవి నూట ఐదు రోజులే. కొన్ని రోజులు రెండేసి చదివితే సరిపోయేది. ఆషేరు అవేమీ ఆలోచించలేదు. "అయిపోతుందండీ" అన్నాడు.

రెండు రోజులు రెండేసి చదివాడు. గొంతు నొప్పి పుట్టింది. మూడో రోజు వేరే దేశాల మీద శాపాలున్న పొడుగాటి అధ్యాయం వచ్చింది. 'ముసలాయనకు ఇవన్నీ ఎందుకులే' అనుకున్నాడు. ఆకు తిప్పేశాడు. ఏమీ జరగలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. ఎల్కానా శ్రద్ధగా చెవి ఒగ్గి వింటూనే ఉన్నాడు. ఆ తర్వాత తిప్పడం తేలికైపోయింది. కొన్నిసార్లు ఒకేసారి రెండు ఆకులు తిప్పేవాడు.

ఒకరోజు ఎల్కానా, "ఆ రాజు మాట సగంలో ఉన్నట్టుందే?" అని అడిగాడు.

"ఆ గ్రంథంలో అంతే ఉంది తాతా" అన్నాడు ఆషేరు.

"అంతేనా? సరే, సరే. నాకేం తెలుసు" అని ముసలాయన నవ్వాడు.

వేడుక రోజు వచ్చింది. మందిరానికి సున్నం వేశారు. ఆడవాళ్లు పులిహోర, చేపల పులుసు వండారు. ఆషేరు చివరి అధ్యాయం గంభీరంగా చదివి గ్రంథం మూశాడు. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం, చదువు పూర్తయిందని విన్నవాడు సాక్ష్యం చెప్పాలి. ఒబద్యా ఎల్కానాను లేపి నిలబెట్టాడు. ముసలాయన తడుముకుంటూ గ్రంథం మీద చెయ్యి పెట్టాడు.

"దేవుడి ఎదుట చెబుతున్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ విన్నాను. ఈ పిల్లవాడు ఒక్కటి కూడా వదల్లేదు."

ఆషేరు ఒక్క మాట చెబితే అప్పుడే ఆపగలిగేవాడు. ముంబై పెద్దలు వచ్చి అతని భుజాల మీద పట్టు శాలువా కప్పారు. అందరూ భోజనాలకు లేచారు.

నెల గడిచింది. ఎల్కానా మందిరానికి రావడం తగ్గింది. ఆషేరు చూడడానికి వెళ్లాడు. తిర్సా వాకిట్లోనే ఎదురైంది.

"సోమవారం, గురువారం పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం లేదు బాబూ. ఎందుకని అడిగితే చెప్పడు. నువ్వయినా అడుగు" అంది.

ఎల్కానా మంచం మీద కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆషేరు గొంతు వినగానే దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"నేను దొంగ సాక్ష్యం చెప్పానురా. ఆ పాపానికే ఈ ఉపవాసం" అన్నాడు మెల్లగా.

ఆషేరు మంచం అంచున కూలబడ్డాడు.

"ఒక కథ ఉంది. శత్రువులు ప్రవక్తను బురద బావిలోకి దించేస్తారు. రాజు కొలువులో పనిచేసే పరదేశి ఒకడు తాళ్లు వేసి పైకి లాగుతాడు. తాళ్లు ఒరుసుకుపోకుండా చంకల కింద పాతగుడ్డలు పెట్టుకోమంటాడు. మా నాన్న నన్ను మొదటిసారి బావిలోకి దించినప్పుడు ఈ కథ చెప్పి, తన తలగుడ్డ చించి నా చంకల కింద పెట్టాడు. ఆ అధ్యాయం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. వేడుక అయ్యాక గుర్తొచ్చింది, అది వినలేదని. నువ్వు చదివే ఉంటావు. నేనే కునుకు తీసుంటాను. నిద్రపోయినవాణ్ణి, అన్నీ విన్నానని దేవుడి ఎదుట చెప్పాను." ముసలాయన ఆషేరు మోచెయ్యి పట్టుకున్నాడు. "నిజం చెప్పు. ఆ రోజు నేను నిద్రపోయాను కదూ?"

గుడ్డి కళ్లు అతని ముఖం మీదే ఉన్నాయి. నిజం చెప్పడానికి అదే సమయం. ఆషేరు చూపు తిప్పుకున్నాడు.

"ఒకరోజు కాస్త అలసిపోయినట్టున్నారు తాతా" అన్నాడు.

అని, టీ కోసం కూడా ఆగకుండా బయటపడ్డాడు. దారిలో ఎవరో పలకరించినా తలెత్తలేదు. 'పాతగుడ్డలు' అన్న మాట చెవుల్లో మోగుతూనే ఉంది. అయినా నోరు విప్పలేదు.

ఆ శనివారం ప్రార్థన అయ్యాక తిర్సా చెయ్యి పట్టుకుని ఎల్కానా మందిరం మధ్యకు వచ్చాడు.

"అందరూ నన్ను క్షమించాలి. వేడుకనాడు నేను అబద్ధం చెప్పాను. చదువుతుండగా నిద్రపోయాను. తప్పు నాదే. ఈ పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనకండి" అన్నాడు.

గుసగుసలు లేచాయి. "అయ్యో, ఈ వయసులో ఇదేం పని" అని ఎవరో అన్నారు. ముసలాయన తల దించుకుని, ఆ మాటలన్నీ తనకు తగినవే అన్నట్టు నిలబడ్డాడు.

ఆషేరు ఇక కూర్చోలేకపోయాడు. లేచాడు.

"తాత నిద్రపోలేదు. నేనే చదవలేదు. ఆకులు తిప్పేశాను. మొన్న తాత అడిగితే, మీరే అలసిపోయారని చెప్పాను" అన్నాడు.

ఆడవాళ్లు కూర్చునే వైపుకు వెళ్లబోతున్న తిర్సా గిరుక్కున వెనక్కి తిరిగింది.

"నెల రోజులుగా మా నాన్న కడుపు మాడ్చుకుంటున్నాడయ్యా! చూసి కూడా అలా ఎలా చెప్పగలిగావు?"

ఆషేరుకు ముఖం దాచుకోవడానికి చోటు దొరకలేదు.

మర్నాడు అతను శాలువా మడిచి ఒబద్యా ఇంటికి తీసుకెళ్లాడు. ఒబద్యా దాన్ని ముట్టుకోలేదు.

"తిరిగి ఇచ్చేస్తే బరువు దిగిపోతుందనుకున్నావా? నీ దగ్గరే ఉంచుకో" అని లోపలికి వెళ్లిపోయాడు.

అక్కడి నుంచి ఆషేరు ఎల్కానా ఇంటికి వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ముసలాయన లోపలి నుంచే అడిగాడు.

"ఎన్ని అధ్యాయాలు?"

"నలభై మూడు తాతా."

"రేపు సాయంత్రం నుంచి రా. తిర్సా తెలుగు అనువాదం ప్రతి ఒకటి అరువు తెచ్చుకుని పక్కన కూర్చుంటుంది."

ఆషేరుకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. కానీ మర్నాడు వెళ్లాడు. అతను చదువుతుంటే తిర్సా తన ప్రతిలో వరస వెంట వేలు జరుపుతూ వచ్చేది. ఒక్కమాట తడబడినా ఆ వేలు ఆగిపోయేది. అతని చెవులు ఎర్రబడేవి. వితంతువులను, పేదలను మోసం చేసేవాళ్లను ప్రవక్తలు మందలించే చోట్లు వచ్చేవి. ఇంతకుముందు అలాంటివి చదివినప్పుడు ఆషేరుకు ఊళ్లో వడ్డీలు తిప్పేవాళ్లు గుర్తొచ్చేవారు. ఇప్పుడు గుడ్డివాడి ముందు ఆకులు తిప్పిన తన చెయ్యే కళ్ల ముందు కదిలేది.

బావి కథ వచ్చిన రోజు అతను మధ్యలోనే ఆగిపోయాడు. ఎల్కానా తొందరపెట్టలేదు. "నెమ్మదిగా చదువు. నేను మేలుకునే ఉన్నాను" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆషేరు ఇంకా కుంగిపోయాడు.

ఏడు వారాలకు చదువు పూర్తయింది. ఈసారి అతిథులు లేరు, విందు లేదు. శనివారం ప్రార్థన అయ్యాక ఒబద్యా సాక్ష్యం చెప్పమని ఎల్కానాను అడిగాడు. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్పను. చదివినవాణ్ణే చెప్పనివ్వండి."

ఆషేరు గ్రంథం మీద చెయ్యి పెట్టాడు.

"దేవుడి ఎదుట చెబుతున్నాను. ఇప్పుడు అన్నీ చదివాను. మొదటిసారి చదవకుండానే మెప్పు పుచ్చుకున్నాను. నా బదులు తాత ఆకలితో ఉన్నాడు, నా బదులు మీ ముందు తల దించుకున్నాడు. నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు" అన్నాడు.

ఎల్కానా చెయ్యి చాచి అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. క్షమించానని అనలేదు. లేచి వెళ్లిపొమ్మని కూడా అనలేదు.

చేయని పనికి మెప్పు పుచ్చుకుని నిజం దాచినవాడి తప్పును చివరికి ఏ పాపం ఎరగనివాడు మోయాల్సి వస్తుంది. అందుకే తప్పు చేసినవాడు ఇంకొకరు తల దించుకునే దాకా ఆగకుండా తానే ముందు ఒప్పుకోవాలి.