నూకరత్నం తొట్టిలో పాచి

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మనం ఉన్నచోట చెప్పేవాళ్ళు లేక వినలేదు, అంతే. నాకు మా అమ్మ చెప్పింది. అమ్మమ్మ గొంతంటే మీకు ఫోన్లో "తిన్నారా" అని అడిగే గొంతే తెలుసు. కథ చెప్పేటప్పుడు ఆ గొంతు వేరేగా ఉంటుంది. అది పోకుండా చెప్పడానికి చూస్తాను. దుప్పటి మెడదాకా లాక్కోండి. కిటికీ వేశాను. వేశానో లేదో మళ్ళీ చూశాను. ఇక వినండి.

అనగనగా ఒక రాళ్ళ ఊళ్ళో నూకరత్నం అని ఒకామె ఉండేది, బంగారూ. ఆ ఊళ్ళో ఎటు చూసినా నాపరాళ్ళే. ఇంటి గోడలు నాపరాళ్ళు, కప్పులు నాపరాళ్ళు, గాలి నిండా రాతిపొడి. సముద్రం ఎంత దూరమంటే, అక్కడి పిల్లలు దాన్ని బొమ్మల్లో తప్ప చూసి ఎరగరు.

నూకరత్నం పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డున. రాళ్ళ మిల్లులో పని దొరికిందని మొగుడితో అంత దూరం వచ్చింది. ఆ తర్వాత మొగుడు జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. మిల్లు ఆఫీసు ఊడ్చే పని ఒకటి మిగిలింది. ఆ పని పట్టుకుని అక్కడే ఉండిపోయింది.

అలల చప్పుడు లేక ఆమెకి ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. అప్పుడు ఏం చేసింది? బజారులో రంగు చేపలు అమ్మే మస్తాన్ దగ్గర చిన్న గాజు తొట్టి కొనుక్కుంది. అందులో ఉప్పు కలిపిన నీళ్ళు పోసింది. సముద్రపు రాళ్ళు పేర్చింది. వాటి మీద ఒక పగడం పెట్టింది. ఉంగరంలో పొదిగే పగడం కాదు తల్లీ, బతికున్న పగడం. మెత్తటి వేళ్ళ గుత్తిలా నీళ్ళలో ఊగుతుంటుంది. ఆ వేళ్ళ మధ్య దాక్కోవడానికి ఒక నారింజ రంగు చేపని వదిలింది. వాడికి బుల్లోడని పేరు పెట్టింది. చిన్న మోటారు నీళ్ళని తిప్పుతుంటే గుడగుడమని చప్పుడు. అదే ఆమె సముద్రం.

పక్కింట్లో సుంకమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఆమెదీ ఒంటి బతుకే, కానీ నోరు మాత్రం నలుగురి పెట్టు. గోడమీంచి తొంగిచూసి అనేది, "ఏమ్మే, చేపల్ని పులుసు పెట్టుకుంటారు గానీ, ఇట్లా దేవుడి పటం మాదిరి లైటేసి పెట్టుకుంటారా?"

"పులుసు పెట్టేస్తే రేపు నేనెవరితో మాట్లాడాలి సుంకమ్మత్తా?" అనేది నూకరత్నం.

నూకరత్నం పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొలి ముద్ద పక్కవాళ్ళకి పెట్టకుండా ఎవరూ తినరు. చేపల వేటనుంచి ఆకలితో నకనకలాడుతూ వచ్చిన తండ్రి కూడా, ముందు ఒక ముద్ద పక్క కంచంలో పెట్టాకే తన నోట్లో పెట్టుకునేవాడు. మరి ఈ ఇంట్లో పక్క కంచం ఏది? అందుకని అన్నం తినబోయే ముందు బుల్లోడికి చిటికెడు మేత వేసేది. టీ తాగబోయే ముందు చిటికెడు. మరమరాలు నమలబోయే ముందు చిటికెడు. వాడు తోక ఊపుకుంటూ గాజు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. వాడి మొహం చూస్తూ ఆమె తినేది. లైటు ఆపితే ఇల్లంతా బావురుమంటుందని, లేచింది మొదలు పడుకునేదాకా తొట్టి మీద లైటు వెలుగుతూనే ఉండేది.

కొన్నాళ్ళకి రాళ్ళ మీద పచ్చటి జుట్టు మొలిచింది. అదే పాచి. మొదట్లో పచ్చికలా ముచ్చటగానే ఉంది. తర్వాత గాజుకి పట్టింది. ఆ తర్వాత పగడం వేళ్ళకి చుట్టుకుంది. పగడం ముడుచుకుపోయింది. దాక్కునే చోటు పోయి బుల్లోడు ఒక మూల నిలబడి ఎగరొప్పుతున్నాడు. పగడం పోతే వాడూ పోతాడని నూకరత్నానికి అర్థమైంది. వాడు కూడా పోతే ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?

అప్పుడు ఆమె పళ్ళ బ్రష్షు తీసుకుని రాళ్ళు బరబరా రుద్దింది. ఊడిన పాచి ముక్కలు నీళ్ళలోనే తేలాయి. తేలినవి తేలిన చోటే అంటుకుని మళ్ళీ మొలిచాయి.

అప్పుడు సుంకమ్మ, "వెలుగు లేకుండా ఏ గడ్డి బతుకుతాది? దుప్పటి కప్పు," అంది. నూకరత్నం మూడు రోజులు కప్పింది. పాచి పాలిపోయింది. కానీ దుప్పటి తీయగానే, "అయ్యో నాయనా, చీకట్లో ఎలా ఉన్నావురా," అంటూ బుల్లోడికి రెట్టింపు మేత వేసింది. పాచి ఈసారి గుబురుగా లేచింది.

ఆ తర్వాత మస్తాన్ నత్తల్నిచ్చాడు. అవి పాచిని మేస్తాయట. నూకరత్నం వాటిని చూసి జాలిపడింది. ఇంటికొచ్చిన వాళ్ళ మొహాన పాచి కొట్టి ఊరుకుంటామా అని, వాటికీ చిటికెడు మేత వేసింది. నత్తలు మేస్తూనే ఉన్నాయి, పాచి పెరుగుతూనే ఉంది.

ఒక పొద్దున పగడం వేలు ఒకటి కుళ్ళి ఊడిపోయింది. నూకరత్నం పరుగున వెళ్ళి మస్తాన్‌ని తీసుకొచ్చింది. వచ్చినవాడికి ముందు అన్నం పెట్టింది. తనూ కంచం ముందు కూర్చుంది. అలవాటు చొప్పున చేయి మేత డబ్బా మీదికి వెళ్ళింది.

మస్తాన్ చూశాడు. "అక్కా, ఇట్లా ఎన్నిసార్లు వేస్తావు?"

"నేను తిన్నప్పుడల్లా. వాడికి పెట్టకుండా నాకు దిగదు తమ్ముడూ."

"వాడి పొట్ట వాడి కన్నంత ఉంటుందక్కా. వాడు తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళుతుంది. ఆ కుళ్ళే పాచికి ఎరువు. నువ్వు రోజంతా వడ్డిస్తున్నావు, అది రోజంతా తింటోంది."

నూకరత్నం చేయి వెనక్కి తీసుకుంది. "మరేం చెయ్యమంటావు?"

"మేత రోజు మార్చి రోజు, కొంచెమే. లైటు సగం పూటే. కుళాయి నీళ్ళు పొయ్యకు, వడగట్టిన క్యాను నీళ్ళు తెచ్చి ఉప్పు కలుపు. వారానికొకసారి కొన్ని పాత నీళ్ళు తీసి అవి పొయ్యి. పాచిని వేళ్ళతో పీకుతూ, గొట్టంతో ముక్కల్ని బయటికి లాగెయ్యి. ఓపిక పట్టాలి."

అన్నీ వింది. అన్నీ చేసింది. కష్టమైనది ఏమిటో తెలుసా, బంగారూ? నీళ్ళు మొయ్యడం కాదు. కంచం ముందు కూర్చోగానే బుల్లోడు ఎప్పటిలాగే గాజు దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. ఆమె తల తిప్పుకునేది. మొదటి రోజు అన్నం వీధి పిల్లికి పోసింది. రెండో రోజు గోడవైపు తిరిగి కూర్చుని రెండు ముద్దలు మింగింది. మూడో రోజు వంటింట్లో నిలబడి, కంచం లేకుండా, గిన్నెలోంచే తినేసింది. సగం పూటకే లైటు ఆరిపోయేది. ఆ తర్వాత ఇల్లు బావిలా ఉండేది.

నెలలు గడిచాయి. పాచి పలచబడింది. మిగిలింది నత్తలు నున్నగా గీకేశాయి. పగడం ఒక్కో వేలూ విప్పింది. ఒకరోజు బుల్లోడు మెల్లగా వెళ్ళి ఆ వేళ్ళ మధ్య దూరాడు.

నూకరత్నం గాజు దగ్గర వంగి పిలిచింది. వాడు తల బయటపెట్టి చూశాడు. చూసి లోపలికి పోయాడు. మర్నాడు పిలిచింది. తలైనా పెట్టలేదు. వాడికి ఇల్లు దొరికింది మరి. నూకరత్నం నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆరోజు మధ్యాహ్నం కంచంలో అన్నం, పప్పు పెట్టుకుంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు ఆ కంచం పట్టుకుని లేచి, సుంకమ్మ గుమ్మం ఎక్కింది.

సుంకమ్మ గోడకి ఆనుకుని, ఒక్కతే జొన్నరొట్టె తింటోంది. నూకరత్నం పక్కన కూర్చుని, తొలి ముద్ద కలిపి ఆమె కంచంలో పెట్టింది.

"ఇదేందమ్మే? నేనేమన్నా నీ బుల్లోడినా?" అంది సుంకమ్మ.

"వాడికిప్పుడు నాతో పనిలేదత్తా."

సుంకమ్మ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. రొట్టె తుంచి, పెద్ద ముక్క ఈమె కంచంలో వేసింది.

"తిను. ఉప్పు తక్కువైందని చెప్పినావంటే చూడు," అంది.

ఉప్పు తక్కువే. నూకరత్నం చెప్పలేదు. ఇద్దరూ తిన్నారు.

పాచి పోయె చెత్తకి,
చేప చేరె మెత్తకి,
ముద్ద నడిచె పక్కింటికి,
నిద్ర వచ్చె కంటికి,
కథ పోయె కంచికి,
మనం పోదాం మంచానికి.

పిల్లలూ, అమ్మమ్మ ఇక్కడ ఆపి దుప్పటి సర్దేది. నేనూ సర్దాను. రేపు మీ దగ్గర ఎవరైనా పిల్లలు పడుకుంటే వాళ్ళకీ ఈ కథ చెప్పండి. కొన్ని మాటలు తెలుగులో రాకపోతే మీకు వచ్చిన మాటల్లోనే చెప్పండి, ఏం పరవాలేదు. చివరి పాట మాత్రం తెలుగులోనే చెప్పండి.