గాబులో కొర్రమీను

ఊ కొడుతూ వినాలి మరి. మధ్యలో నిద్దరోతే నేనొప్పుకోను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ, చేపలు పట్టుకుని బతికేది. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, నూకరత్నం. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి ఆ పిల్లకి నెల తప్పింది. పైడమ్మ కాళ్ళు నేల మీద ఆగలేదనుకో. పురుటికని పుట్టింటికి తెచ్చుకుంది.

చూలాలికి కొర్రమీను పులుసు పెడితే బిడ్డ బలంగా పుడతాడని అక్కడి నమ్మకం. చేప ఎంత పెద్దదైతే అంత మంచిదట. పైడమ్మ వెతికి వెతికి పెద్దదే పట్టి, పులుసు కాచి, దగ్గర కూర్చుని తినిపించింది.

అప్పుడు ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చి ఒక మాట చెప్పింది. ఎగువన ఫ్యాక్టరీవాళ్ళు ఏట్లోకి వదిలే నీళ్ళలో పాదరసం ఉందట. చిన్న చేపల్ని పెద్ద చేప తింటుంది కదా, అలా ఆ విషమంతా పెద్ద చేప ఒంట్లోకి చేరుతుందట. చూలాలు తింటే కడుపులో బిడ్డ చెవులకీ తెలివికీ నడకకీ ముప్పట. పైడమ్మ గుండెల్లో రాయి పడింది.

కానీ చేప మానెయ్యడానికి మనసొప్పలేదు. మానేస్తే బిడ్డకి బలం ఉండదని అదో దిగులు. కడిగితే పోదా అనుకుంది పిచ్చిది. ముందు ఒక చేపని బూడిద వేసి బండ మీద రుద్ది రుద్ది కడిగింది. విషం పోయిందన్న నమ్మకం కుదరక, కూతురికి పెట్టడానికి చెయ్యి రాక ఇంట్లో పిల్లికి పడేసింది. ఆ తర్వాత ఇంకోదానికి ఉప్పూ పసుపూ పట్టించింది. అదీ పిల్లికే పోయింది.

అప్పుడు మరో కొర్రమీను తెచ్చి, ప్రాణంతోనే నూతి నీళ్ళ గాబులో వదిలింది. బురద వాసన పోవడానికి అలా వదలడం వాళ్ళకి అలవాటే. బురద పోయినట్టే విషమూ పోతుందనుకుంది. రోజూ నీళ్ళు మార్చింది. చేప నిగనిగలాడుతూ తిరిగింది. మూడోనాడు దాన్ని కోసి పులుసు కాచి వడ్డించింది. నూకరత్నం ముద్ద కలిపింది.

అంతలో గుమ్మంలోకి పిల్లి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ ఇంటి చేప తలకాయలన్నీ తిన్న పిల్లి అది. రెండడుగులు వేసి తూలింది. లేచి, మళ్ళీ తూలింది. గాబు మీదికి ఎగరబోయి దభీమని పడింది. పిల్లి ఎక్కడన్నా అలా పడుతుందా నాన్నా?

పైడమ్మ ఒక్క ఉదుటున కూతురి ముందు కంచం లాగేసింది. చూలాలి ముందు కంచం లాగితే పాపమంటారు. అయినా లాగేసింది. నూకరత్నం కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"తిట్టుకో తల్లీ, ఎంతైనా తిట్టుకో. ఇది మాత్రం నీ నోట్లోకి వెళ్ళనివ్వను," అంది పైడమ్మ.

ఆ తర్వాత ఏటి చేప ఆ గడప తొక్కలేదు. పప్పూ గుడ్లూ పెట్టి సాకింది. మగపిల్లాడు పుట్టాడు. అయినా ఆవిడకి దిగులు తీరలేదు. మొదట్లో తినిపించిన ఆ పులుసు మాటేమిటి? చప్పట్లు కొడితే వాడు తిరిగి చూశాడు. పిలిస్తే నవ్వాడు. ఇక నడక ఒక్కటే మిగిలింది.

ఏడాది నిండాక ఒక పొద్దున వాడు గాబు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి వదిలి అడుగేసి, తూలి పడ్డాడు. లేచి, మళ్ళీ పడ్డాడు. పిల్లలంతా అలాగే పడతారని నూకరత్నం నవ్వుతోంది. పైడమ్మ కళ్ళకి మాత్రం ఆనాడు తూలిపడ్డ పిల్లి కనిపిస్తోంది. మూడోసారి లేచి, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఆవిడ ఒళ్ళో పడ్డాడు వాడు. అప్పుడు ఏడ్చింది పైడమ్మ. అన్నాళ్ళూ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది.

కథ పోయె కంచికి,
దిగులు పోయె దిబ్బకి,
బుజ్జిగాడు మంచానికి.